దిల్‌సుఖ్‌నగర్ మీద అభిజిత్తు

మా ఇంట్లో కార్తీక సోమవారం నాడు అన్నం ఉడికినంత మాత్రాన తినడానికి లేదు. ముందు ఆకాశంలో ఒక చుక్క కనబడాలి. పొద్దున తలస్నానం చేసి దీపం పెట్టింది మొదలు మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టకుండా ఉండి, సాయంత్రం చుక్కను చూసి, దండం పెట్టుకుని, అప్పుడు ఒక్కపొద్దు విడవాలి. తన పెళ్లయిన ఏడు మా అత్తమ్మ మొదలుపెట్టిన పద్ధతి ఇది. కోడలిగా వచ్చాక నేనూ పట్టుకున్నాను.

దేవరకొండ దిక్కు మా ఊళ్లో ఉన్నప్పుడు ఇదొక పని అని కూడా అనిపించేది కాదు. బర్రెను కట్టేసి తలెత్తితే చుక్క. అదే ముందు కనబడేది, మనం వెతికింది లేదు. ఇప్పుడు మేముండేది కొత్తపేట వెనకాల, దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీనగర్‌కూ నడుమ ఒక కాలనీలో. మూడో అంతస్తులో కిరాయికి ఉంటాం, డాబా మా నెత్తి మీదే. డాబా మీదికి పోతే ఒక దిక్కు మెట్రో స్తంభాల లైట్లు, ఒక దిక్కు బట్టల దుకాణాల బోర్డులు, కోచింగ్ సెంటర్ల హోర్డింగులు, ఎదురు ప్లాటులో చుట్టూ వల కట్టి గంటల లెక్కన ఆడించే బాక్స్ క్రికెట్ వాళ్ల ఫ్లడ్‌లైట్లు. పొద్దు గూకినా ఇక్కడి ఆకాశం నల్లబడదు. పాలెక్కువైన చాయ్ రంగులో ఆగిపోతుంది.

అయినా ఇన్నేళ్లూ ఏదో ఒక చుక్క దొరికేది. నిరుడైతే మరీ సులువుగా గడిచింది. కర్మన్‌ఘాట్ దిక్కున, నైరుతి మూల, సూర్యుడు మునిగీ మునగక ముందే పెద్ద చుక్క వెలిగేది. ఎన్ని లైట్లున్నా దాన్ని దాచలేకపోయాయి. నాలుగు సోమవారాలూ ఆరు కొట్టేసరికి అత్తమ్మ కంచం ముందు ఉండేది. అది శుక్రుడని నాకు తర్వాత తెలిసింది. ఆ శుక్రుడు ఈ ఏడు తెల్లవారుజాముకు మారిపోయాడని ఇంకా తర్వాత తెలిసింది.

అత్తమ్మకు డెబ్బై దాటాయి. షుగరుంది. కుడి కంటికి పొర తీయించాం, ఎడమ కంటికి ఇంకా తీయించాలి. కార్తీకం వస్తుందనగానే మా ఆయన ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు, ఆ డాక్టరు చెబితేనైనా మానుతుందని. డాక్టరు మంచివాడు. వద్దనలేదు. మాత్రలు మార్చి రాసిచ్చి, ‘‘అమ్మా, ఆరున్నర దాటకుండ తినాలె. దాటితే మాత్రం షుగర్ పడిపోతది, నా జిమ్మేదారి కాదు’’ అన్నాడు.

‘‘చుక్క పొడవంగనే తింట సారూ. నాకేమన్న అన్నం మీద కోపమా?’’ అంది అత్తమ్మ.

‘‘చుక్క కనవడకపోతే?’’ అన్నాడు మా ఆయన.

‘‘మబ్బుంటే దేవుడే మాఫీ చేస్తడు. మబ్బు ఆయన పంపిందే గద. లైట్లున్నయని మాఫీ లేదు. లైట్లు మనం పెట్టుకున్నయి.’’

ఈ ఒక్కపొద్దు ఆమెకు ఎందుకంత ముఖ్యమని నేను ఒకసారి అడిగాను. బియ్యం ఏరుతూ, తలెత్తకుండానే చెప్పింది. ‘‘కూలికి పోతే మేస్త్రి చెప్పినట్టు, ఇంటికొస్తే మామ చెప్పినట్టు. నా అంతట నేను చేస్త అనుకొని చేసింది గిదొక్కటే బిడ్డా. ఎవ్వలు చెప్పలే, ఎవ్వలు ఆపలే.’’ ఆ మాట విన్న తర్వాత ఆమెను మానిపించాలన్న ఆలోచన నా వరకు పోయింది. ఆమె దీన్ని ఆపకుండా, ప్రాణం మీదికి తెచ్చుకోకుండా దాటించడమే నా పని అనుకున్నాను.

మొదటి సోమవారం ఐదున్నరకే ఇద్దరం డాబా ఎక్కాం. అత్తమ్మ నేరుగా నైరుతి మూలకు పోయి నిలబడింది. ‘‘నిరుడు గీడనే కదనే ఉండె’’ అంది, చుట్టం ఇల్లు మారిందేమో అన్నట్టు. ఆరయింది. ఆరుంపావు. నేను నలుదిక్కులూ చూస్తున్నాను, ఆమె అక్కడి నుంచి కదలలేదు. అప్పుడు సరిగ్గా ఆ మూలనే, తెల్లగా, కొంచెం ఎత్తులో ఒకటి వెలిగింది.

‘‘అత్తమ్మా, అగో!’’

‘‘ఏది?’’

‘‘గా ఇండ్ల మీద. నా వేలు దిక్కు చూడు.’’

ఆమె కళ్లు చిట్లించి, నా చేతిని రెండు చేతులతో పట్టుకుని, దాని వెంట చూపు పంపింది. ‘‘ఆఁ, తెల్లగ… అవునవును. శివ శివా.’’ దండం పెట్టుకుంది. ఆమె నెత్తి మీది కొంగు సరిచేసుకుంటూ మెట్లు దిగుతుంటే నేను వెనక నుంచి మనసులోనే స్వామికి వేల దండాలు పెట్టాను. పెసరపప్పు పులగం, పెరుగు. కడుపునిండా తింది. నేనూ తిన్నాను.

గురువారం సాయంత్రం ఆరిన బట్టలు తీయడానికి పైకి పోయాను. నా చుక్క అక్కడే ఉంది. చూసి సంతోషంగా దండం పెట్టబోయాను. అది కదిలింది. కదలడమంటే అట్లా ఇట్లా కాదు, కర్మన్‌ఘాట్ దిక్కు నుంచి మెల్లగా తిరిగి చంపాపేట దిక్కుకు పోయి ఆగింది. కింద నుంచి ఇనుప చువ్వల మోపు ఒకటి తాడుకు వేలాడుతూ దాని వెంటే పోయింది.

కొత్తగా లేస్తున్న అపార్టుమెంటు మీది క్రేన్ లైటు అది.

నేను తప్పు చూస్తే నా వరకే. కానీ నా వేలు చూపించి ఒక పెద్దమనిషితో దండం పెట్టించాను. పాపం క్రేన్ నడిపే అతను ఏ ఊరి నుంచి వచ్చాడో, తన లైటుకు కొత్తపేటలో ఇద్దరు ఆడవాళ్లు మొక్కారని అతనికి తెలియదు.

మా ఆయన ఆటోనగర్‌లో లారీ సామాన్ల దుకాణంలో పని చేస్తాడు. ఇంటికి రాగానే చెప్పాను. ముందు నవ్వాడు. నా మొహం చూసి ఆపాడు.

‘‘అమ్మకు చెప్పకు. తిన్న అన్నం మల్లొస్తదా?’’

‘‘అబద్ధం చెప్పినట్టయితది గద.’’

‘‘నువ్వు చెప్పినవా? క్రేన్ చెప్పింది.’’

నాకు నవ్వొచ్చింది కానీ మనసు ఒప్పుకోలేదు. మర్నాడు తులసి దగ్గర దీపం పెట్టిన తర్వాత అత్తమ్మ పక్కన కూచుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. కోప్పడుతుందనుకున్నాను. ఆమె దీపం వత్తిని సర్దింది.

‘‘నీ తప్పు కాదు. నేను నిరుటి జాగల ఎతికిన. నా కండ్లు నా చేతిల లేవు, నీ కండ్లతోని చూసిన.’’ వేలికంటిన నూనె నెత్తికి రాసుకుని, ‘‘గా సోమారం పోయినట్టే. మూడు మిగిలినయ్. ఇగ నా కంటితోని నేను చూస్తేనే తింట. నువ్వు చూపెట్టు, గని చూసుడు మాత్రం నేనే.’’

తప్పు ఒప్పుకుంటే బరువు దిగుతుందంటారు. నాది దిగలేదు, ఆమె నెత్తి మీదికి మారింది.

రెండో సోమవారం మబ్బు లేదు. చంద్రుడు మాత్రం ఇంత వెలుగుతో ఉన్నాడు. చంద్రుడు లెక్కకు రాడు, చుక్కే కావాలి. ఆరున్నర దాటింది. ఏడయింది. నేను చూపించిన ప్రతిదాన్నీ ఆమె అనుమానంగా చూసింది. ఒకటి విమానమై శంషాబాద్ దిక్కు దిగిపోయింది. ఒకటి సెల్ టవర్ కొస. మా ఆయన పని నుంచి సరాసరి డాబా మీదికి వచ్చి అరిచాడు, బతిమాలాడు. ఆమె ప్లాస్టిక్ కుర్చీలో కూచుని ఆకాశం దిక్కే చూస్తోంది. ఏడున్నరకు ఆమె చేయి పట్టుకుంటే చల్లగా, చెమటతో జారిపోతోంది.

‘‘అత్తమ్మా, జర చక్కెర నీళ్లు…’’

తల అడ్డంగా ఊపింది.

అప్పుడు కింది అంతస్తు ఆవిడ పైకి వచ్చింది. భీమవరం వైపు వాళ్లు, పదేళ్లుగా ఇక్కడే ఉంటున్నారు. చేతిలో స్టీలు గిన్నె. సంగతేంటని అడగలేదు, మా ఆయన అరుపులు మెట్ల మీదుగా కిందిదాకా వినబడ్డాయి మరి.

‘‘పిన్నిగారూ, గుళ్లో అభిషేకం చేయించి వస్తున్నానండీ. పంచామృతం. చెయ్యి పట్టండి.’’

‘‘ఒక్కపొద్దమ్మా నాది…’’

‘‘ప్రసాదం కాదంటే స్వామికి కోపం వస్తుంది కదండీ? ఇది తిండి కాదు, తీర్థం. ఉపవాసానికి అడ్డేమీ కాదు. కావాలంటే పంతులుగారికి ఫోన్ చేస్తాను, మీరే అడగండి.’’

అత్తమ్మ చేయి పట్టింది. తేనె, పాలు, పెరుగు, నెయ్యి, చక్కెర. ఒక చేయి, రెండు చేతులు, మూడు. ఆవిడ ఉద్ధరిణెతో కాదు, గరిటెతో పోసింది. పావుగంటకు అత్తమ్మ చేయి వెచ్చబడింది. మర్నాడు సూర్యోదయం తర్వాత అన్నం తింది. ఆ గిన్నె పట్టుకొచ్చిన చేతులను నేను ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు తలుచుకుంటాను.

కానీ మా ఆయన ఊరుకోలేదు. పొద్దున చాయ్ తాగుతూ తల్లితో గట్టిగా చెప్పాడు.

‘‘అమ్మా, ఇగ ఒక్క సోమారమే చూస్త. ఆరున్నరకు చుక్క కనవడ్డదా, మంచిదే. కనవడలేదా, అన్నం తింటవ్. ఇగ ఈ ఏడు కాదు, ఏ ఏడూ ఒక్కపొద్దులు లేవ్. బంద్.’’

‘‘సరే’’ అంది అత్తమ్మ. గొడవ పెట్టుకుంటుందని చూశాను. ‘‘సరే బిడ్డా. నిన్ను పరేషాన్ చేసుడు నాక్కూడ మంచిగ లేదు.’’ అని కప్పు పట్టుకుని లోపలికి పోయింది. ఆ సరే అన్న మాట ఆమె నోట అంత తేలిగ్గా రావడమే నాకు బాధ కలిగించింది.

నాకు ఆరు సాయంత్రాలున్నాయి.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు వచ్చిన జ్వరం ఎడమ కాలును కాస్త సన్నబరిచి పోయింది. బడి ఉన్న ఊరు వాగు అవతల. మా నాయన బట్టలు కుట్టేవాడు. మిషన్ పక్కన పీట వేసి కూచోబెట్టి, కొలతలు గీసే సుద్దతో చెక్క మీద అక్షరాలు దిద్దించాడు. లెక్కలు టేపుతో నేర్పాడు. చదవడానికి ఇంట్లో ఉన్న పుస్తకం పంచాంగమే. అందుకని అశ్విని, భరణి, కృత్తిక అని మొదలుపెట్టి రేవతి దాకా నక్షత్రాలన్నీ నాకు ఏడేళ్లకే నోటికి వచ్చు. ఇరవై ఏడు అయిపోయాక నాయన మిషన్ ఆపి అనేవాడు, ‘‘ఇంకోటి ఉన్నది. అభిజిత్తు. ఉత్తరాషాఢకు, శ్రవణానికి నడుమ. దాన్ని లెక్కల పట్టరు. గట్లని లేదనుకోకు.’’

పేర్లన్నీ వచ్చు కానీ, ఆ మంగళవారం సాయంత్రం డాబా మీద నిలబడి నాకు నేను ఒప్పుకోవాల్సి వచ్చింది. వాటిలో ఒక్కదాన్ని కూడా ఇదీ అని వేలు పెట్టి చూపించలేను. ఇన్నేళ్లు రోజూ పంచాంగం చూసి ఈరోజు ఫలానా నక్షత్రం అని చెప్పుకున్నదాన్ని, తలెత్తి అది ఎక్కడుంటుందని అడగలేదు.

మా ఆయన నా ఫోన్‌లో ఆకాశం చూపించే యాప్ ఒకటి వేసిచ్చాడు. బంద్ అని చెప్పినవాడే వేసిచ్చాడు. అది విచిత్రమైనది, ఫోన్‌ను నేల వైపు తిప్పినా చుక్కలే చూపిస్తుంది. అత్తమ్మ ఒకసారి తొంగిచూసి, ‘‘గీ ఫోన్ల చూస్తే చుక్కను చూసినట్టా? అయితే అన్నం కూడ ఫోన్లనే తిను’’ అని పోయింది. ఆమె మాట నిజమే. కానీ ఎక్కడ చూడాలో అది చెప్పింది. నైరుతిలో ఏమీ లేదు. పెద్ద చుక్క వాయవ్య మూలన ఉంది, నేలకూ నడినెత్తికీ సరిగ్గా సగం ఎత్తులో. దాని పేరు వేగా అని రాసి ఉంది. మన పేరేమిటని వెతికితే ఫోనే చెప్పింది, అభిజిత్తు.

కాసేపు నాయన మిషన్ చప్పుడు చెవుల్లో వినిపించింది.

వాయవ్యం అంటే మాకు దిల్‌సుఖ్‌నగర్. అంత వెలుతురు ఉన్న దిక్కు ఇంకొకటి లేదు. చుక్కల కోసం ఆ దిక్కు చూడాలని మాలో ఎవరికీ తోచలేదు. సన్నాయి వినడానికి సంత గోలలోకి ఎవరు పోతారు? పైగా ఆ దిక్కునే బాక్స్ క్రికెట్ ఫ్లడ్‌లైట్లు ఉన్నాయి, సరిగ్గా కంట్లో కొట్టేటట్టు. బుధవారం చూశాను, కనబడలేదు. ఫోన్ ఉందంటుంది, కంటికి లేదు. గురువారం నీళ్ల ట్యాంకు వెనక్కి పోయి, ఫ్లడ్‌లైట్ల నుంచి దాని నీడలో దాక్కుని చూశాను. ఉన్నట్టు అనిపించింది, లేనట్టూ అనిపించింది. చూపు నిలబడటం లేదు.

ట్యాంకు కింద, ప్లంబర్ వదిలేసి పోయిన కొత్త పైపు ముక్క ఉంది. తెల్లది, మూరెడు పొడుగు, చిన్న నిమ్మకాయ పట్టేంత వెడల్పు. చిన్నప్పుడు పొయ్యి దగ్గర ఊదుగొట్టంలోంచి కోళ్లను చూసేదాన్ని. ఇల్లూ వాకిలీ అన్నీ మాయమై ఒక్క కోడే ఉండేది. అది గుర్తొచ్చింది. శుక్రవారం ఆరూ పదికి ఆ పైపును కంటికి పెట్టుకుని, గోడకు ఆనుకుని, ఫోన్ చెప్పిన ఎత్తులో మెల్లగా జరుపుకుంటూ పోయాను.

ఒకటి, నీలం కలిసిన తెలుపు. వణుకుతోంది.

పైపు తీసేశాను. ఇంక పైపు లేకుండానే కనబడుతోంది. ఇంతసేపూ అక్కడే ఉంది, కోచింగ్ సెంటర్ల హోర్డింగుల పైన, బట్టల దుకాణాల వెలుతురు పైన. ఒకసారి చూపుకు దొరికిన తర్వాత పోదు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి, మళ్లీ చుక్క కనబడకుండా పోయింది. నవ్వుకుని తుడుచుకుని మళ్లీ చూశాను.

శనివారం కూడా చూశాను. ఆదివారం దుమ్ము కమ్మి కనబడలేదు. ఆ రోజు కొంచెం భయపడ్డాను.

మూడో సోమవారం సాయంత్రం ఆ పైపు ముక్కను కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టాను. అత్తమ్మ చూసి నోటి మీద చేయి వేసుకుంది.

‘‘ఏందే ఇది? బాత్రూం పైపుల నుంచి దేవుని చూపిస్తవా!’’

‘‘కొత్తదే అత్తమ్మా. నీళ్లు కూడ తాగలే ఇంకా.’’

‘‘బొట్టు పెట్టినవ్, ఇగ దానికి పేరు కూడ పెట్టు’’ అంటూనే మెట్లెక్కింది. మా ఆయన ఆ రోజు దుకాణం నుంచి తొందరగా వచ్చేశాడు. వాచీ చూసుకుంటూ డాబా మీద ఒక మూలన నిలబడ్డాడు. కింద గ్యాస్ పొయ్యి మీద పులగం ఉంది. కింది అంతస్తు ఆవిడ కూడా వచ్చింది. ఈసారి గిన్నె కొంగు చాటున పెట్టుకుంది, అవసరమైతే అన్నట్టు.

ఆరూ ఐదుకు నాకు కనబడింది. చెప్పలేదు. ఈసారి నా మాటతో ఆమె చూడకూడదు. ట్యాంకు నీడలో కుర్చీ వేసి, సెల్ టవర్‌ను గుర్తు పెట్టుకుని, పైపును పిట్టగోడ మీద ఇటుకల మధ్య ఆనించి అటు తిప్పాను. ‘‘చూడు అత్తమ్మా.’’

ఆమె కుడి కన్ను మూసి ఎడమ కన్ను పెట్టింది. ‘‘అంత మసక.’’

‘‘జర ఓపిక పట్టు.’’

‘‘పట్టిన. మసకనే.’’

ఆరుంపావు. నేను పైపులోంచి చూశాను, చుక్క నడుమనే ఉంది. మళ్లీ ఆమె చూసింది. మసకే. మా ఆయన దగ్గాడు. ఆరూ పద్దెనిమిది. ఉన్నది కళ్ల ముందే ఉంది, ఆమెకు ఇవ్వలేకపోతున్నాను.

అప్పుడు తట్టింది. పొర తీయించింది కుడి కంటికి. అంతకు ముందు ఆ కన్ను పాడైపోయి, ఆమె ఏళ్ల తరబడి ఎడమ కంటితోనే పని నడిపించుకుంది. ఆపరేషనైనా ఆ అలవాటు పోలేదు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు కూడా ఎడమ కంటి దగ్గరే పెట్టుకుంటుంది. పొర ఉన్న కంటితో చూస్తూ, బాగైన కన్నును మూసుకుంటోంది!

‘‘అత్తమ్మా, కన్ను మార్చు.’’

‘‘ఏ కన్ను?’’

‘‘డాక్టరిచ్చిన కన్ను.’’

ఆమె ఎడమ కంటి మీద అరచేయి పెట్టుకుని, కుడి కన్ను పైపుకు ఆనించింది. కింద బాక్స్ క్రికెట్‌లో ఎవరో ‘అవుట్’ అని అరిచారు.

‘‘మినుకుతున్నది’’ అంది అత్తమ్మ, చిన్నగా.

మా ఆయన ముందుకొచ్చాడు. ‘‘అయిపోయింది కద. పా, తిందువు.’’

‘‘ఆగు.’’

‘‘ఏంది ఆగేది? ఆరూ ఇరవై ఒకటి!’’

‘‘ఊగుతదేమో చూద్దాం.’’

నాకు నవ్వాగలేదు, కింది అంతస్తు ఆవిడ అయితే కొంగు నోట్లో కుక్కుకుంది. కానీ అత్తమ్మ నవ్వలేదు. ఒకసారి మోసపోయిన మనిషి, కడుపు కాలుతున్నా సరిచూసుకోకుండా కదలదలుచుకోలేదు. పైపు తీసేసి, అరచేయి అట్లాగే ఎడమ కంటికి పెట్టుకుని, సెల్ టవర్ కొసనూ చుక్కనూ మార్చి మార్చి చూసింది. ఐదు నిమిషాలు. నైరుతి మూలన ఆ క్రేన్ తన లైటుతో అటు తిరిగింది, ఇటు తిరిగింది. వాయవ్య మూలన అభిజిత్తు తన చోటనే నిలబడి, టవర్ దిక్కుకు అంటే అంటనట్టు జరిగింది.

‘‘ఊగలే’’ అంది. ‘‘జరుగుతున్నది. పడమటికి. చుక్కనే.’’ లేచి నిలబడి, కొంగు సరిచేసుకుని, దిల్‌సుఖ్‌నగర్ దిక్కు తిరిగి దండం పెట్టింది. అంత వెలుతురు దిక్కు తిరిగి దండం పెట్టిన మనిషిని నేను అదే మొదట చూడటం.

ఆరూ ఇరవై ఎనిమిదికి ఆమె మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. మా ఆయన పక్కనే కూచుని, తనకు ఒక్కపొద్దు లేకపోయినా కంచం పెట్టించుకుని తిన్నాడు. బంద్ సంగతి ఆయన ఎత్తలేదు. పెరుగు వేసుకునేటప్పుడు మాత్రం, ‘‘ఎడమ కన్ను కూడ చేపిద్దాం. ఒక్క కన్నుతోనే ఇంత సతాయిస్తున్నవ్, రెండైతే ఎట్లనో’’ అన్నాడు.

‘‘రెండైతే రెండు చుక్కలు చూస్త’’ అంది అత్తమ్మ.

ఎవరికి దండం పెట్టుకోవాలో ఆ రోజు నాకు లెక్క తేలలేదు. కన్ను బాగుచేసిన డాక్టరుకా, పైపు మరిచిపోయిన ప్లంబరుకా, పేరు చెప్పి పోయిన నాయనకా, గిన్నె కొంగు చాటున దాచుకున్న ఆవిడకా. ఆ క్రేన్‌కు కూడా ఒక దండం పెట్టాను, ఈసారి తెలిసే పెట్టాను. అది తిరగకపోతే మేము నైరుతి మూలనే ఉండిపోయేవాళ్లం.

నాలుగో సోమవారం డాబా మీద ఏడుగురం అయ్యాం. కింది అంతస్తు ఆవిడ తమ వాళ్లను తెచ్చింది, వీధి చివరి ఇంటి వాళ్లు ఇద్దరు వచ్చారు. వాళ్లు మన్సూరాబాద్‌లో చుట్టాలింట్లో ఉన్నప్పుడు చుక్క కనబడక టీవీలో గుడి హారతి చూసి తినేవాళ్లట. పైపు చేతులు మారింది. ‘‘అయ్యో, ఉందండీ, నిజంగానే ఉంది!’’ అని ఒకరు, ‘‘ఏది? నాకు కనవడ్తలేదు, జర జరుగు’’ అని ఒకరు. అత్తమ్మ ఇంక పైపు ముట్టలేదు. కుర్చీలో వెనక్కి వాలి, ఎడమ కంటిని అరచేత్తో మూసుకుని, పైకి చూస్తూ కూచుంది. అభిజిత్తును ముందే చూసేసింది, దండం కూడా అయిపోయింది. నేను అన్నానికి రమ్మన్నాను.

‘‘ఆగు. ఇంకోటి ఉన్నది.’’

‘‘ఎక్కడ?’’

‘‘దాని కంటె పైన. నెత్తి మీదికి.’’

నేను చూశాను. చాయ్ రంగు ఆకాశం తప్ప ఏమీ లేదు. ఫోన్ కింద మరిచిపోయి వచ్చాను.

‘‘కనవడ్తలేదు అత్తమ్మా.’’

‘‘నీ కండ్లు మంచియే గని నీకు ఆత్రం ఎక్కువ. కూసో.’’ నన్ను తన పక్కన పిట్టగోడ మీద కూచోబెట్టుకుంది. నా చేయి తీసుకుని, తన వేలితో పాటు పైకి ఎత్తింది. మూడు వారాల కింద ఆమె నా చేతిని పట్టుకున్నట్టే. ‘‘నా వేలు దిక్కు చూడు. తొందర పడకు.’’

చూశాను. ఏమీ లేదు. ఇంకా చూశాను. అక్కడ, చిన్నగా, ఒకటి కనబడింది. యాప్‌లో అభిజిత్తు పైన చూసిన చుక్కే అది. ఉత్తరాషాఢ తర్వాత అభిజిత్తు, అభిజిత్తు తర్వాత ఏమిటని నాయన అడిగితే నేను టక్కున చెప్పే పేరు, శ్రవణం.

‘‘చూసినవా?’’

‘‘చూసిన.’’

‘‘దండం పెట్టుకో మరి’’ అంది, చేయి వదులుతూ. ‘‘పా. ఆకలైతున్నది నాకు.’’